వరుస ఎవరిది?

పాత భజన పాటల పుస్తకం ఏదైనా ఒకసారి తిరగేయండి. చిన్న సైజు, పల్చటి కాగితం, మధ్యలో పిన్ను. పాట పేరు కింద 'వరుస' అని ఉంటుంది, దాని పక్కన ఏదో సినిమా పాట మొదటి రెండు మాటలు. అంటే ఈ దేవుడి పాటని ఆ సినిమా పాట బాణీలో పాడుకోమని. స్వరాలు రాయరు, రాగం పేరు చెప్పరు. నీకు ఆ పాట వచ్చు కదా, దాని మీద ఇది పాడేసుకో, అంతే. సంఘాలవాళ్లు వేసుకునే పాటల పుస్తకాల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. దేవుణ్ని నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఈ ఒక్క విషయంలో ఒకటే.

తెలుగులో ఈ వరుస అనే మాట భలేది. బాణీకీ అదే, చుట్టరికానికీ అదే. 'ఆయన నాకు వరుసకు బాబాయి' అంటే రక్తం దగ్గరిది కాకపోవచ్చు, కానీ పిలుపు ఖాయం, మర్యాద ఖాయం, పెళ్లిలో ఎక్కడ నిలబడాలో అదీ ఖాయం. రెండు పాటలు ఒకే వరుసలో ఉన్నాయంటే వాటి మధ్య కూడా అలాంటిదేదో ఉన్నట్టు నాకనిపిస్తుంది. ఒకటి ఇంకోదాని ఆస్తి కాదు, నకలూ కాదు. చుట్టం. మరి చుట్టరికం అన్నాక ఇచ్చిపుచ్చుకోవడాలు ఉంటాయి కదా. పాటల మధ్య అవేమిటి? ఒకరి వరుస తీసుకుని నా మాటలు పెట్టుకుంటే ఆ ఒకరికి నేనేం బాకీ?

ఈ ప్రశ్నని మనకంటే ఎక్కువగా బతికినవాళ్లు జమైకా వాళ్లు. పాటలోంచి గొంతు తీసేస్తే మిగిలేదాన్ని, అంటే డ్రమ్ములు, బేస్ గిటారు, వాటి మీద తెగిపడుతుండే ఆ గిటారు మీటుల్ని, వాళ్లు 'రిడిమ్' అంటారు. దానికో పేరుంటుంది. దానికో సొంత జీవితం ఉంటుంది. ఒకే రిడిమ్ మీద పదిమంది, యాభైమంది పాడతారు, ఎవరూ దాచుకోరు. 1967లో స్టూడియో వన్‌లో సౌండ్ డైమెన్షన్ బృందం వాయించిన 'రియల్ రాక్' మీద పదేళ్లు దాటాక విలీ విలియమ్స్ 'ఆర్మగిడియన్ టైమ్' పాడాడు. దాన్ని 1979లో లండన్ కుర్రాళ్లు, ద క్లాష్, తమ పాటగా పాడుకున్నారు. 1974లో రూపీ ఎడ్వర్డ్స్ అయితే 'యమహా స్కాంక్' అని ఆల్బమ్ మొత్తాన్నీ ఒక్క రిడిమ్ మీదే నింపేశాడు. పాట మారుతుంది, గొంతు మారుతుంది, కింద నడిచేది మారదు. మొదటిసారి వింటే ఇదేంటి మళ్లీ అదే అనిపిస్తుంది. పదోసారి వింటే తేడాలు తప్ప ఇంకేమీ వినపడవు.

నాకు వీటన్నిట్లో ఎక్కువ ఇష్టమైన కథ 'సట్టా మసగానా'ది. అబిసీనియన్స్ అనే ముగ్గురి బృందం. 1969లో స్టూడియో వన్‌లో రికార్డు చేశారు. స్టూడియో యజమాని కాక్సన్ డాడ్‌కి ఇది అమ్ముడుపోతుందని నమ్మకం లేదు, పక్కన పడేశాడు. రెండేళ్లకి వాళ్లే ఆ టేపు కొనుక్కుని, 1971లో తమ సొంత లేబుల్ మీద విడుదల చేసుకున్నారు. అది రాస్తఫారీల ప్రార్థనా గీతమంత అయింది. అప్పుడు డాడ్‌కీ దాని విలువ తెలిసొచ్చింది, తన దగ్గరున్న వాయిద్యాల మీద తనూ రికార్డులు వేశాడు. బిగ్ యూత్ ఆ రిడిమ్ మీద తన మాటలు పెట్టాడు. థర్డ్ వరల్డ్ బృందం 1976లో తన తొలి ఆల్బమ్‌లో పాడింది. ఇంకా ఎందరో. అసలు విషయం ఏంటంటే, ఆ పాట కూడా ఖాళీలోంచి పుట్టలేదు. అబిసీనియన్స్‌లో ఇద్దరు మానింగ్ అన్నదమ్ములు. వాళ్ల ఇంకో అన్న కార్ల్‌టన్ అంతకుముందే 'హ్యాపీ లాండ్' అని ఒక పాట పాడాడు. సట్టా దానికి దగ్గర చుట్టం. ఇక్కడ వరుస అనే మాట రెండర్థాల్లోనూ సరిపోతుంది.

ఇదంతా మనకి కొత్తేం కాదు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లని చూడండి. 'ఉయ్యాలో' అనే ఆ ఒక్క ఊగు మీద రామాయణం పాడతారు, అత్తింటి కష్టం పాడతారు, ఊళ్లో చెరువు తెగిన సంగతి పాడతారు. ఒకామె మాట అందిస్తుంది, మిగతావాళ్లు ఊపు అందిస్తారు. ఎవరూ 'ఈ ట్యూన్ కంపోజ్ చేసినవారు' అని ప్రకటించరు. 1940ల్లో సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులూ బుర్రకథా వంటివాటిని పట్టుకుని వాటిలోకి సాయుధ పోరాటాన్ని ఎక్కించాడు. ముప్పై ఏళ్ల తర్వాత జన నాట్య మండలి అదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసింది. నాట్లేసేటప్పుడు పాడే వరుస, బండి తోలేటప్పుడు పాడే వరుస, ఏది దొరికితే అది. గద్దర్ గొంతు విని ఊళ్లో ముసలామె తల ఊపిందంటే, సిద్ధాంతం అర్థమై కాదు, ఆ వరుస ఆమెదే కాబట్టి. సిద్ధాంతం తర్వాత మెల్లగా వచ్చి కూర్చునేది.

ఉస్మానియా క్యాంపస్‌లో ఉన్న నాలుగేళ్లలో ఇది రోజూ చూసేదే. పాలమూరు నుంచి వచ్చే రైళ్లు కాచిగూడలో ఆగుతాయి. అక్కడ దిగిన పిల్లలు బట్టల బ్యాగుతో పాటు ఆ ఊరి వరుసలు కూడా మోసుకొచ్చేవాళ్లు. వరంగల్ వైపు వాళ్లవి వేరు, నల్లగొండ వాళ్లవి వేరు. వారం తిరిగేసరికి అన్నీ హాస్టల్ మెస్సులో కలిసిపోయేవి. ఒకే వరుసలో పొద్దున ఫెలోషిప్ పాట వినపడేది, మధ్యాహ్నం అంబేడ్కర్ పాట, రాత్రి తార్నాకలో రూముకి పోతుంటే ఆటోలో తాగిన ప్రేమ పాట. ఎలక్షన్ల టైములో పక్కపక్కనే రెండు టెంట్లు, రెండు సంఘాలు, ఒకదాన్నొకటి తిట్టుకుంటూ ఒకే బాణీలో పాడుతుంటే నిజంగా నవ్వొచ్చేది. ఒకతన్ని అడిగాను, 'అన్నా, పాట నీదేనా?' అని. 'మాట నాది, వరుస మా ఊరిది' అన్నాడు. అంత సులువుగా తేల్చేశాడు.

నాకు మాత్రం అంత సులువుగా తేలలేదు. ఎందుకంటే 'ఊరిది' అనే మాటలో ఒక తిరకాసుంది.

మన శాస్త్రంలో దీనికి ఒక పేరే ఉంది. శార్ఙ్గదేవుడి 'సంగీత రత్నాకరం' పదమూడో శతాబ్దం నాటిది, దేవగిరి యాదవుల కొలువులో రాసింది. అందులో పాటని రెండుగా చూస్తారు: మాట మాతువు, బాణీ ధాతువు. రెండూ తనే చేసేవాడు వాగ్గేయకారుడు, వాళ్లలో ఉత్తముడు, మధ్యముడు, అధముడు. ఆ వర్గీకరణలోనే చివర ఇంకొకడు కనిపిస్తాడు, పరాయి ధాతువు మీద తన మాతువు పెట్టేవాడు. వాడి పేరు కుట్టికారుడు. ఈ మాట మొదట చదివినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. యూ-రాయ్ కుట్టికారుడు. బిగ్ యూత్ కుట్టికారుడు. టెంటు కింద డప్పు పట్టుకున్న మా అన్న కుట్టికారుడు. ఏడొందల ఏళ్ల కిందటే వాళ్ల కోసం ఒక గది కట్టి పెట్టారు, కాకపోతే వెనక వైపు.

ఇప్పుడు మనం గద్దర్‌నీ గోరటి వెంకన్ననీ అందెశ్రీనీ వాగ్గేయకారులని పిలుస్తున్నాం. గౌరవంగానే పిలుస్తున్నాం, వాళ్లకది దక్కాల్సిందే. కానీ ఆ పిలుపుతో మనకి తెలియకుండానే శాస్త్రం పెట్టిన నిచ్చెన ఒప్పుకుంటున్నామేమో. మాటా బాణీ రెండూ ఒక్కడి బుర్రలోంచే రావాలి, అప్పుడే గొప్ప అని. నా లెక్కలో కుట్టికారుడి పని ఏ విధంగానూ తక్కువ కాదు. పరాయి వరుస మీద రాసేవాడికి ఒక అదనపు బరువు ఉంటుంది: వినేవాడికి పాత మాటలు గుర్తున్నాయి. నాటు పాట వరుసలో ఆత్మహత్య చేసుకున్న రైతు గురించి రాస్తే, కింద ఆ నాట్లు కదులుతూనే ఉంటాయి. కొత్త బాణీ కట్టినవాడికి ఆ లోతు ఊరికే దొరకదు. దాన్ని వాడుకునే తెలివి అందరికీ ఉండదు, అది వేరే సంగతి. సగం పేరడీలు ప్రాస కోసం చచ్చేవే.

ఇక తిరకాసు దగ్గరికి. పంచుకోవడం అంటే మనకి ఒక మెత్తటి బొమ్మ కనపడుతుంది: అందరూ గుండ్రంగా కూర్చుని ఒకే కంచంలో తింటున్నట్టు. జమైకా అసలు కథ అంత మెత్తగా లేదు. రిడిమ్ వాయించిన బేస్ గిటారు మనిషికి, డ్రమ్ములవాడికి ఆ పూట కూలి ఇచ్చేవాళ్లు. టేపు యజమాని దగ్గర ఉండేది. తర్వాత దాని మీద ఎన్ని పాటలొచ్చినా వాయించినవాడికి దాదాపు ఏమీ రాదు. అక్కడ 1993 దాకా నడిచింది 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టమే, అది అమలైన తీరు కూడా అంతంతమాత్రం. అంటే ఒక్క రిడిమ్ మీద వందమంది పాడగలిగింది ఉదారత వల్ల మాత్రమే కాదు, కొత్తగా మళ్లీ వాయిద్యగాళ్లని పిలిస్తే డబ్బు ఖర్చు కాబట్టి కూడా. పంచుకున్నది గాయకులు. పంచబడింది వాయించినవాళ్ల చేతి కష్టం.

సిస్టర్ నాన్సీ సంగతి వింటే ఇంకా అర్థమవుతుంది. 1982లో 'బామ్ బామ్' పాడింది. కింద ఉన్నది 'స్టాలాగ్' రిడిమ్, 1973లో ఆన్సెల్ కాలిన్స్ వాయించింది, నిర్మాత విన్‌స్టన్ రైలీ. ఆ 'బామ్ బామ్' అనే పిలుపు కూడా అంతకుముందు 1966లో టూట్స్ అండ్ ద మేటల్స్ పాడిందే. ఆ పాట ప్రపంచమంతా తిరిగింది. ఆమె మాత్రం అమెరికాలో బ్యాంకులో లెక్కలు చూసుకునే ఉద్యోగం చేసింది. 2014లో ఒక చెప్పుల కంపెనీ టీవీ ప్రకటనలో తన పాట వినపడ్డాక గానీ ఆమె లాయర్ దగ్గరికి వెళ్లలేదు. ముప్పై ఏళ్లు దాటాక సగం హక్కు దక్కింది. ఇందులో ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారు? అందరూ అందరి దగ్గరా. కానీ ఎవరి చేతికి డబ్బొచ్చిందో చూస్తే అది 'అందరూ' కాదు.

మన దగ్గర ఇదే పని చేసే మాట 'జానపదం'. ఒక పాట మీద ఆ ముద్ర పడిందంటే దానికి యజమాని లేనట్టు. ఎవరైనా తీసుకోవచ్చు. ప్రభుత్వ భూమి బోర్డు లాంటిది, దానివల్ల ఆ భూమి దున్నుకుంటున్నవాడు కనపడకుండా పోతాడు. 2021లో 'సారంగ దరియా' గొడవ గుర్తుందా? 'లవ్ స్టోరీ' సినిమాకి సుద్దాల అశోక్ తేజ రాశారు, మంగ్లీ పాడింది, ఊరూవాడా మోగింది. అప్పుడు కోమలి అనే జానపద గాయని ముందుకొచ్చి, ఈ పాటని సేకరించి టీవీలో పాడింది తననీ, సినిమాలో తనకి చోటు లేకుండా పోయిందనీ అన్నారు. అది జానపదం, ఏ ఒక్కరిదీ కాదని అవతలి వాదన. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకి గుర్తింపూ పారితోషికమూ ఇస్తామని ప్రకటించడంతో సద్దుమణిగింది. అశోక్ తేజ ఎవరో కాదు, ఆ హనుమంతు కొడుకే. తండ్రి ఊరి వరుస తీసుకుని ఊరికే తిరిగిచ్చాడు. కొడుకు తీసుకున్నది థియేటరుకి వెళ్లింది. నేను ఇక్కడ కొడుకుని తప్పు పట్టట్లేదు, సినిమాకి రాసేవాళ్లందరూ చేసేదే చేశారు. తీసుకున్న తీరు ఒకటే, పోయిన చోటు వేరు అంటున్నాను.

ఆ రోజుల్లో సోషల్ మీడియా వాదనలన్నీ 'పాట ఎవరిది' అనే చోటే తిరిగాయి. నాకు అది తప్పు ప్రశ్న అనిపించింది. జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఆస్తికి ఒక సమర్థన చెప్పాడు: దేవుడు అందరికీ ఇచ్చిన నేలలో నీ కష్టం కలిపితే ఆ ముక్క నీది, అయితే మిగతావాళ్లకి సరిపడా మంచిది మిగిలి ఉండాలి. పాటకి ఇది అన్వయిస్తే తమాషాగా ఉంటుంది. వరుస ఎంతమంది వాడినా తరగదు. మంగ్లీ పాడితే కోమలి గొంతులోంచి ఆ పాట మాయమైపోదు. కాబట్టి లాక్ లెక్కలో ఎవరికీ నష్టం లేదు. కానీ తరిగేది ఇంకొకటి ఉంది: అవకాశం. సినిమాలో ఆ పాట పాడే మైకు ఒక్కటే. ఆ పారితోషికం ఒక్కటే. ఆ పేరు వేసే చోటు ఒక్కటే. బతుకమ్మ దగ్గర ఒకరు పాడటం ఇంకొకరి వంతు లాక్కోదు, వచ్చే చుట్టులో నువ్వు అందుకుంటావు. సినిమాలో వచ్చే చుట్టు ఉండదు. తరగని పాటని తరిగిపోయే చోటుకి తీసుకెళ్లినప్పుడు పాత మర్యాద సరిపోదు. అక్కడ 'ఇది అందరిదీ' అనడం అబద్ధం కాదు గానీ, ఆ నిజం ఒకరి జేబుకే పనికొస్తుంది.

'ఎవరిదీ కాదు' వేరు, 'అందరిదీ' వేరు. మొదటిదాంట్లో బాకీలు లేవు. రెండోదాంట్లో చాలా ఉన్నాయి, ఉమ్మడి బావికి ఉన్నట్టు.

దీనికి పూర్తి ఎదురు చివర ఇంకో రకం గొడవ ఉంది. 2024 జూన్ 2న 'జయ జయహే తెలంగాణ' రాష్ట్ర గీతమైంది. అందెశ్రీ మాటలు, కీరవాణి సంగీతం. ఆంధ్ర సంగీత దర్శకుడికి ఎలా ఇస్తారని ఇక్కడి సినీ మ్యుజిషియన్ల సంఘం ముఖ్యమంత్రికి ఉత్తరం రాసింది. అందెశ్రీకి కీరవాణి మీద అభ్యంతరం లేదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, ఉద్యమంలో ఇన్నేళ్లు దరువు వేసినవాళ్లని పక్కన పెట్టారనే బాధ అది. అంటే అక్కడా విషయం అవకాశమే. కానీ దాన్ని 'బాణీకి ప్రాంతం ఉంటుంది' అనే వాదనగా మార్చేసరికి నేను వెనక్కి తగ్గుతాను. వరుసకి పుట్టిన ఊరు ఉంటుంది, సరిహద్దు ఉండదు. ఉంటే 'చౌరస్తా' బ్యాండు వాళ్లు కింగ్‌స్టన్ తాళం పట్టుకుని ఊరొదిలి పట్నమొచ్చినవాడి దిగులు తెలుగులో పాడేవాళ్లు కాదు, నేను దాన్ని తార్నాక బస్టాపులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అన్నిసార్లు వినేవాణ్నీ కాదు.

ఈ ఊరు దాటడం ఎంత దూరం పోతుందంటే: హిరోకో ఒకుడా అనే జపాన్ అమ్మాయి, కాలేజీలో రెగే మీద వ్యాసం రాసింది, కాసియో కంపెనీలో చేరింది. 1981లో వచ్చిన ఎమ్‌టీ-40 అనే చిన్న కీబోర్డులో 'రాక్' అనే బటన్ నొక్కితే మోగే దరువు ఆమె చేసిందే. 1985లో వేన్ స్మిత్, కింగ్ జామీ దాన్ని నెమ్మది చేసి 'స్లెంగ్ టెంగ్' రిడిమ్ చేశారు. డ్రమ్ములవాడు లేకుండా, బేస్ గిటారు లేకుండా జమైకా సంగీతం మొత్తం ఒక్కసారి పక్కకి తిరిగింది. కాసియో హక్కు అడగలేదు. జమైకాని ప్రేమించి జపాన్‌లో చేసిన దరువు జమైకాకే తిరిగెళ్లింది. ఇది వింటే మనసు నిండిపోతుంది. కానీ వెంటనే, ఆ బటన్ వల్ల పని పోయిన డ్రమ్ములవాళ్లు కూడా గుర్తొస్తారు నాకు. చెడగొట్టుకునే అలవాటు.

పోయిన దసరాకి ఒక తమ్ముడు, హాస్టల్ రోజుల నుంచి తెలిసినవాడు, సొంతంగా ఒక పాట తీశాడు. మాటలు వాడివి, వాళ్ల అమ్మమ్మ దగ్గర విన్న వరుస. ఫోనుతోనే వీడియో. కింద వివరాలు ఎలా రాయాలో అడగడానికి ఫోన్ చేశాడు: రచన, గానం, కెమెరా, డప్పు, ఎడిటింగ్. డప్పు కొట్టిన ఇద్దరి పేర్లూ పెట్టాడు, అది చూసి సంతోషమేసింది. 'వరుస' అని ఇంకో లైను పెట్టి అమ్మమ్మ పేరూ ఊరి పేరూ రాయమన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ వరుసలో ఇప్పటికే ఒక మ్యూజిక్ కంపెనీ పాట ఉందట, వాళ్లు అంతకుముందు ఇంకో కుర్రాడి వీడియోకి క్లెయిమ్ వేశారట. 'వరుస ఫలానా అని నేనే రాస్తే, నేనే ఒప్పుకున్నట్టు కాదా అన్నా? ఏం రాయకపోతే ఎవరికీ తెలవది' అన్నాడు.

భజన పుస్తకం వేసినాయన ఏ భయమూ లేకుండా సినిమా పాట పేరు అచ్చేసుకున్నాడు. వీడు సొంత అమ్మమ్మ పేరు రాయడానికి లాయర్‌ని అడగాలా అని ఆలోచిస్తున్నాడు. మూడు రోజులు పట్టింది వాడికి. నాలుగో రోజు లింకు పంపాడు. 'వరుస' అనే లైను ఉంది, పక్కన ఊరి పేరుంది. అమ్మమ్మ పేరు లేదు. ఎందుకురా అంటే, ఆమెని అడిగాడట. 'నాదెట్లైతది బిడ్డా, మా యారాలు పాడేది' అందట.